ఫ్యాక్టరీ వచ్చింది, ఊరు యజమాని కాలేదు: కిబ్బుట్జ్ కథను ధర్సీవా నుంచి చూస్తే

రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వైపు వెళ్తుంటే ఊరు దాటిన కాసేపటికే సిల్తరా పారిశ్రామిక వాడ వస్తుంది. స్పాంజ్ ఐరన్ బట్టీలు, రోలింగ్ మిల్లులు, సొంత విద్యుత్ కేంద్రాలున్న ఉక్కు కర్మాగారాలు, రోడ్డు పక్కన బారులు తీరిన లారీలు. వాటిని దాటి ముందుకెళ్తే ధర్సీవా. బ్లాకు కేంద్రమూ అదే, అసెంబ్లీ నియోజకవర్గమూ అదే. రోడ్డుకు రెండు వైపులా వరి మళ్లు మళ్లీ కనిపిస్తాయి. భిలాయ్, రాయ్‌పూర్, బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఈ దారి కొత్తది కాదు.

ఇక్కడ జరిగింది దేశంలో చాలాచోట్ల జరిగినదే. వరి పండిన నేలలో కొంత ఫ్యాక్టరీల కిందికి పోయింది. పరిహారమో, అమ్మకపు సొమ్మో ఒక్కసారి చేతికొచ్చింది. దానితో కొందరు ఇల్లు కట్టుకున్నారు, కొందరు ఆడపిల్ల పెళ్లి చేశారు, కొందరు ఇంకాస్త దూరంలో భూమి కొన్నారు. ఆ తర్వాత ఫ్యాక్టరీతో ఊరికి మిగిలిన సంబంధం రెండే: గేటు దగ్గర దొరికే కాంట్రాక్టు కూలి, ఇంటి పైకప్పు మీద పేరుకునే నల్ల దుమ్ము. లాభంలో వాటా అన్న మాట ఎక్కడా రాలేదు. అడగాలని కూడా ఎవరికీ తోచి ఉండదు.

వ్యవసాయంతో బతికే ఊరు ఫ్యాక్టరీల ఊరిగా మారితే, ఆ ఫ్యాక్టరీకి ఊరే యజమాని కావడం సాధ్యమా? ఇరవయ్యో శతాబ్దంలో ఈ పనిని పెద్ద ఎత్తున చేసి చూపినవి ఇజ్రాయెల్‌లోని కిబ్బుట్జ్‌లు. అది ఎలా సాధ్యమైందో, దానికి ఎవరెవరు ఎంత మూల్యం చెల్లించారో రెండూ కలిపి చూస్తేనే ఆ కథ అర్థమవుతుంది.

పన్నెండు మందితో మొదలు

1910లో గలిలీ సరస్సు దక్షిణపు ఒడ్డున పది మంది యువకులు, ఇద్దరు యువతులు కలిసి దెగానియా అనే స్థావరం పెట్టారు. అప్పుడు ఆ ప్రాంతం ఒట్టోమన్ సామ్రాజ్యంలో ఉంది. వాళ్లంతా రష్యా సామ్రాజ్యంలో యూదులపై సాగిన దాడుల నుంచి, పేదరికం నుంచి బయటపడి వచ్చినవాళ్లు. తలలో సోషలిజం, చేతిలో పార. వ్యవసాయం మాత్రం పెద్దగా తెలియదు. భూమి వాళ్లది కాదు. ప్రపంచవ్యాప్తంగా యూదుల నుంచి చందాలు పోగుచేసి భూములు కొనడానికి 1901లో ఏర్పడిన యూదు జాతీయ నిధిది. ఈ వివరం చిన్నదిగా కనిపిస్తుంది కానీ మొత్తం ఏర్పాటుకు ఇదే పునాది. భూమి ఏ సభ్యుడి పేరు మీదా లేదు కాబట్టి దాన్ని పంచుకోవడం గానీ, అమ్ముకోవడం గానీ కుదరదు. అన్నదమ్ముల పంపకాల గొడవే లేదు.

కిబ్బుట్జ్ అంటే హీబ్రూలో సమూహం అని అర్థం. నియమాలు వినడానికి సులువుగా ఉంటాయి. ఎవరికీ జీతం లేదు. ఎవరు ఏ పని చేయాలో పని కేటాయించే సభ్యుడు రాసి పెడతాడు. భోజనం ఉమ్మడి భోజనశాలలో, బట్టలు ఉమ్మడి చాకిరేవులో. పిల్లలు తల్లిదండ్రుల దగ్గర కాక పిల్లల ఇళ్లలో పడుకుంటారు. ఎవరైనా బయట ఉద్యోగం చేస్తే ఆ జీతం ఊరి ఖాతాలోకి వెళ్తుంది. పెద్ద నిర్ణయాలన్నీ సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి తీసుకుంటారు. కార్యదర్శి, కోశాధికారి లాంటి పదవులు కొన్నేళ్లకోసారి చేతులు మారతాయి. నిన్నటి కార్యదర్శి ఇవాళ భోజనశాలలో గిన్నెలు కడగడం మామూలు విషయం.

ఉమ్మడి కుటుంబంలో పెరిగిన తెలుగువాళ్లకు ఇందులో సగం పరిచయమే అనిపించవచ్చు. కానీ అక్కడ పెత్తనం చేసే పెద్దాయన ఉండడు. పెద్దకోడలి చేతికి వంటిల్లు, చిన్నకోడలి చేతికి పశువుల కొట్టం అని రాసిపెట్టి ఉండదు. కనీసం కాగితం మీదైనా. నిజానికి అక్కడా ఆడవాళ్లు చాలావరకు వంటశాల, చాకిరేవు, పిల్లల ఇళ్లలోనే మిగిలిపోయారన్న విమర్శ మొదటి తరం నుంచే ఉంది.

ఇజ్రాయెల్ జనాభాలో కిబ్బుట్జ్ సభ్యుల వాటా ఎన్నడూ పదో వంతుకు చేరలేదు. అయినా దేశ సరిహద్దులు ఎక్కడ ఉండాలో నిర్ణయించడంలో, సైన్యంలో, రాజకీయాల్లో వాళ్ల ప్రభావం ఆ సంఖ్యతో పోలిస్తే చాలా ఎక్కువ. ఇప్పుడు దేశంలో దాదాపు 270 కిబ్బుట్జ్‌లు ఉన్నాయి.

ఉప్పు నేల నుంచి ప్లాస్టిక్ గొట్టం దాకా

వాటిలో తెలుగు రైతుకు తెలియకుండానే పరిచయమైన ఊరు ఒకటుంది. పేరు హత్జెరిమ్. 1946 అక్టోబర్‌లో, బ్రిటిష్ పాలనలో ఉండగానే, నెగెవ్ ఎడారిలో ఒకే రాత్రి పదకొండు స్థావరాలు లేచాయి. భవిష్యత్తులో దేశ విభజన జరిగితే నెగెవ్ తమ వైపు ఉండాలన్న రాజకీయ లెక్క దాని వెనక ఉంది. ఆ పదకొండింట్లో ఒకటి బీర్‌షెబా పట్నానికి పడమరగా ఉన్న హత్జెరిమ్.

అక్కడి నేల ఉప్పు నేల. నీళ్లు తక్కువ. ఊరు ఖాళీ చేసి వేరేచోటికి పోదామా అన్న చర్చ కూడా ఒక దశలో నడిచింది. ఉండిపోవాలనుకున్నారు. కానీ వ్యవసాయం ఒక్కటే అందరినీ పోషించలేదని 1960ల నాటికి తేలిపోయింది. ఊరికి ఒక పరిశ్రమ కావాలి. ఆ వెతుకులాటలో వాళ్లకు సిమ్హా బ్లాస్ అనే నీటి ఇంజనీరు తగిలాడు. ఆయన దేశానికి నీటి సరఫరా వ్యవస్థను రూపొందించినవాళ్లలో ఒకడు. కారుతున్న గొట్టం పక్కన ఒక చెట్టు మిగతావాటికన్నా ఏపుగా పెరగడం చూసి, వేరు దగ్గర చుక్కచుక్కగా నీళ్లివ్వడం గురించి ఏళ్ల తరబడి ఆలోచించానని ఆయన చెప్పేవాడు. చవక ప్లాస్టిక్ గొట్టాలు వచ్చాక ఆ ఆలోచన వస్తువుగా మారింది. 1965లో హత్జెరిమ్, బ్లాస్ కలిసి నెటాఫిమ్ కంపెనీ పెట్టారు.

నేడు అనంతపురం చీనీ తోటలో, నల్లగొండ బత్తాయి తోటలో, జహీరాబాద్ చెరకు చేలో నేల మీద పాకే నల్ల గొట్టాల వంశవృక్షం వెతికితే ఆ ఎడారి ఊరు దగ్గరికే చేరుతుంది. మహారాష్ట్రలోని జల్‌గావ్ కేంద్రంగా ఉన్న జైన్ ఇరిగేషన్ కూడా ఇంకో కిబ్బుట్జ్ వారసత్వాన్ని కొనుక్కుంది. కిబ్బుట్జ్ నాన్, కిబ్బుట్జ్ దాన్‌ల సాగునీటి వ్యాపారాలు కలిసి ఏర్పడిన నాన్‌దాన్‌లో సగం వాటాను 2007లో, మిగతా సగాన్ని 2012లో ఆ కంపెనీ తీసుకుంది.

గొట్టం కన్నా ఆసక్తికరమైనది దాన్ని అమ్మగా వచ్చిన డబ్బు వెళ్లిన దారి. నెటాఫిమ్ లాభం ఏ వాటాదారుడి ఇంటికీ వెళ్లలేదు. ఊరి ఖాతాలో పడింది. దానితో ఇళ్లు, బడి, వైద్యం, ముసలివాళ్ల సంరక్షణ, కొత్త యంత్రాలు. ఫ్యాక్టరీలో ఇంజనీరుగా పనిచేసే సభ్యుడికి, ఆవుల కొట్టంలో పనిచేసే సభ్యుడికి దక్కేది ఒకటే.

మరో విషయం. గిరాకీ పెరిగి ఫ్యాక్టరీని విస్తరించాల్సి వచ్చినప్పుడు హత్జెరిమ్ ముందున్న సులువైన దారి బయటి నుంచి కూలీలను పెట్టుకోవడం. వాళ్లు దానికి ఇష్టపడలేదు. ఇతరుల శ్రమ మీద లాభం తీయకూడదన్నది మొదటి తరం పెట్టుకున్న నియమం. అందుకని ఉత్పత్తిలో కొంత భాగాన్ని మగల్, యిఫ్తాఖ్ అనే మరో రెండు కిబ్బుట్జ్‌లకు అప్పగించి వాళ్లనూ భాగస్వాములను చేసుకున్నారు. వ్యాపార పాఠశాలలో ఇలాంటి నిర్ణయానికి మంచి మార్కులు పడవు. అయినా కంపెనీ పెరిగింది.

చివరికి ఏమైంది? ప్రపంచ మార్కెట్లో పోటీకి కావలసిన పెట్టుబడి ఊళ్ల దగ్గర లేకపోయింది. 2011లో యూరప్‌కు చెందిన పెట్టుబడి సంస్థ పెర్మిరా మెజారిటీ వాటా తీసుకుంది. 2017లో మెక్సికో కంపెనీ మెక్సికెమ్ 80 శాతం వాటాను సుమారు 150 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకుంది. ఆ కంపెనీ పేరు ఇప్పుడు ఆర్బియా. మిగిలిన 20 శాతం హత్జెరిమ్ దగ్గర ఉండిపోయింది. అమ్మకంతో ధనవంతమైన ఊరు కూడా అదే, ఇప్పటికీ ఉమ్మడి పద్ధతి వదలని కొద్ది కిబ్బుట్జ్‌లలో ఒకటీ అదే. డబ్బున్నచోట సమానత్వం నిలబెట్టుకోవడం తేలికని కిట్టనివాళ్లు అంటారు. అందులో నిజం లేకపోలేదు.

ఎవరి భూమి, ఎవరి కూలి

కిబ్బుట్జ్‌ను ఆదర్శ గ్రామంగా మాత్రమే చెప్పే రాతలు రెండు విషయాల దగ్గర తొందరగా పక్కకు తప్పుకుంటాయి.

మొదటిది భూమి. తొలి రోజుల్లో యూదు జాతీయ నిధి కొన్న భూముల్లో చాలావాటి యజమానులు ఎక్కడో పట్నాల్లో ఉండే భూస్వాములు. దున్నుకుని బతికింది అరబ్ కౌలు రైతులు. అమ్మకంతో వాళ్లు కదలాల్సి వచ్చింది. కౌలుదారు పేరు కాగితాల మీద లేకపోతే భూమి చేతులు మారినప్పుడు ఏం జరుగుతుందో తెలుగు రాష్ట్రాల పాఠకులకు విడమరిచి చెప్పక్కర్లేదు. 1948 యుద్ధంలో ఏడు లక్షల మందికి పైగా పాలస్తీనియన్లు ఇళ్లు వదిలిపోయారు లేదా తరిమివేతకు గురయ్యారు. ఖాళీ అయిన ఊళ్ల భూముల్లో గణనీయమైన భాగం కిబ్బుట్జ్‌ల సాగులోకి వచ్చింది. ఉమ్మడి ఆస్తి అన్నప్పుడు ఆ ఉమ్మడిలో ఎవరున్నారు, ఎవరు లేరు అన్న ప్రశ్న అక్కడ ఎప్పుడూ వదలలేదు.

రెండోది కూలి. బయటివాళ్లను పనికి పెట్టుకోకూడదన్న నియమాన్ని హత్జెరిమ్ పట్టుకున్నంత గట్టిగా చాలా ఊళ్లు పట్టుకోలేదు. 1950ల్లో మొరాకో, ఇరాక్, యెమెన్ లాంటి దేశాల నుంచి వచ్చిన యూదులను సరిహద్దుల్లో కొత్తగా కట్టిన పట్నాల్లో దించారు. వాళ్లకు పక్కనే ఉన్న కిబ్బుట్జ్ ఫ్యాక్టరీలో దొరికింది రోజుకూలి. లోపల ఈత కొలను, పచ్చిక, భోజనశాల ఉంటాయి. వాళ్లు మాత్రం సాయంత్రం గేటు దాటి ఇంటికి పోవాలి. 1981లో ప్రధాని మెనాహెమ్ బెగిన్ ఈత కొలనులున్న కోటీశ్వరులంటూ కిబ్బుట్జ్ వాసులను ఎత్తిపొడిచారు. ఆ మాట ఆ పట్నాల్లో అంత బాగా పేలిందంటే కారణం ఆ గేటే.

తర్వాతి దశాబ్దాల్లో పొలాల్లోకి థాయ్‌లాండ్ కూలీలు వచ్చారు. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడి చేసిన గాజా సరిహద్దు కిబ్బుట్జ్‌లలో మరణించినవాళ్లలో, అపహరణకు గురైనవాళ్లలో పదుల సంఖ్యలో థాయ్ కార్మికులున్నారు. అలుమిమ్ అనే కిబ్బుట్జ్‌లో పని నేర్చుకోవడానికి వెళ్లిన పది మంది నేపాలీ విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. 1946లో హత్జెరిమ్‌తో పాటు అదే రాత్రి వెలిసిన బేరి కిబ్బుట్జ్‌లో ఆ ఒక్కరోజే వంద మంది దాకా హతులయ్యారు. ఆ ఊరి ఉమ్మడి ఆస్తి ఒక ముద్రణాలయం. క్రెడిట్ కార్డుల లాంటివి అచ్చయ్యేది అక్కడే. సభ్యులు చెల్లాచెదురై హోటళ్లలో తలదాచుకుంటున్న సమయంలోనే ఆ ప్రెస్ మళ్లీ నడిచింది. జీతం కోసమే పనిచేసేవాళ్ల ఫ్యాక్టరీ అయితే అంత త్వరగా తెరుచుకునేది కాదేమో. ఆ దాడి తర్వాత మొదలైన యుద్ధంలో, కంచెకు అవతల కొద్ది కిలోమీటర్ల దూరంలోని గాజాలో పదుల వేల మంది పాలస్తీనియన్లు చనిపోయారు.

అప్పు అందరిదీ అయినప్పుడు

కిబ్బుట్జ్‌లను లోపలి నుంచి కుదిపింది మాత్రం యుద్ధం కాదు, వడ్డీ.

1970లలో, 1980ల మొదట్లో ఇజ్రాయెల్‌లో ధరలు అదుపు తప్పాయి. 1984లో ద్రవ్యోల్బణం 400 శాతం దాటింది. అలాంటప్పుడు అప్పు చేసినవాడిదే లాభం. తీర్చే నాటికి రూపాయి విలువ పైసలకు పడిపోతుంది. ఫ్యాక్టరీలకు, కొత్త ఇళ్లకు కిబ్బుట్జ్‌లు విరివిగా అప్పులు తీసుకున్నాయి. 1985లో ప్రభుత్వం స్థిరీకరణ విధానం తెచ్చి ధరలకు ఒక్కసారిగా కళ్లెం వేసింది. ద్రవ్యోల్బణం తగ్గింది, వడ్డీ తగ్గలేదు. నిన్నటిదాకా కరిగిపోతూ వచ్చిన అప్పు ఒక్కసారిగా కొండలా నిలబడింది. పైగా కిబ్బుట్జ్ సమాఖ్యల్లో ఒకరి అప్పుకు మరొకరు హామీ. బలహీనమైన ఊరు పడిపోతూ బాగున్న ఊరినీ లాగింది.

1989లోనూ, తర్వాత 1990ల్లోనూ బ్యాంకులు, ప్రభుత్వం, కిబ్బుట్జ్‌లు కలిసి అప్పుల పరిష్కార ఒప్పందాలు చేసుకున్నాయి. కొంత రద్దయింది, కొంత వాయిదాలుగా మారింది. ఈలోగా యువత ఊరు విడిచింది. అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని ఒక లెక్క అప్పుడు బయటపడింది. జీవితమంతా ఊరి కోసం పనిచేసిన ఎనభై ఏళ్ల మనిషి పేరు మీద బ్యాంకులో ఏమీ లేదు, పింఛను లేదు, ఇల్లు కూడా తనది కాదు. తర్వాతి తరమే అతని పింఛను అనుకున్నారు. ఆ తరం టెల్ అవీవ్‌కు వెళ్లిపోయింది.

అందుకే 1990ల నుంచి ఊళ్లు ఒక్కొక్కటిగా పద్ధతి మార్చుకున్నాయి. చేసే పనిని బట్టి జీతం, అందులోంచి ఊరి పన్ను, ఆ పన్నుతో ముసలివాళ్లకు, జబ్బుపడ్డవాళ్లకు, తక్కువ సంపాదించేవాళ్లకు కనీస భద్రత. భోజనశాలలో ప్లేటుకు ధర పెట్టారు. కొన్నిచోట్ల భోజనశాలే మూతపడింది. పిల్లలు అంతకుముందే తల్లిదండ్రుల ఇళ్లకు చేరిపోయారు. 2005లో ప్రభుత్వం ఈ కొత్త రకానికి చట్టబద్ధమైన గుర్తింపు ఇచ్చింది. 2007లో తొలి కిబ్బుట్జ్ దెగానియానే ఓటు వేసి సమాన వేతనాన్ని వదులుకుంది. ఇప్పుడు మూడొంతులకు పైగా కిబ్బుట్జ్‌లు ఈ కొత్త పద్ధతిలోనే ఉన్నాయి.

దీన్ని సోషలిజం ఓటమిగా చెప్పేవాళ్లు ఎక్కువ. లెక్కలు చూస్తే అంత తేలిక కాదు. జీతాలు వేరైనా చాలా ఊళ్లలో ఫ్యాక్టరీ, భూమి, బడి ఇప్పటికీ ఊరి ఆస్తులే. సదోత్ యామ్ అనే ఊరి వంటగది రాతి పలకల కంపెనీ సీజర్‌స్టోన్ 2012లో అమెరికా స్టాక్ మార్కెట్‌కెక్కింది. వజ్రపు పనిముట్లు, సైనిక వాహనాల కవచాలు, ప్లాస్టిక్, మాంసం లేని ఆహారం దాకా కిబ్బుట్జ్‌లు చేయని వస్తువు తక్కువ. రోజువారీ జీవితంలో సమానత్వం సడలింది కానీ ఆస్తి మీద ఉమ్మడి హక్కు చాలాచోట్ల మిగిలింది.

మన దగ్గరికి ఏది వచ్చింది

కిబ్బుట్జ్‌ను చూసి ముచ్చటపడ్డ భారతీయులు తొలి నుంచీ ఉన్నారు. 1951లో నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి ఇచ్చిన వంద ఎకరాలతో మొదలైన భూదానం, తర్వాత ఊరి భూమంతా ఊరిదేననే గ్రామదానంగా ఎదిగింది. ఆ ఉద్యమంలో చేరిన జయప్రకాశ్ నారాయణ్ 1958లో ఇజ్రాయెల్ వెళ్లి కిబ్బుట్జ్‌లు చూశారు. గ్రామదానం కాగితాల మీద పెరిగినంత నేల మీద పెరగలేదు.

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభలో ఉమ్మడి సహకార వ్యవసాయం మీద తీర్మానం చేశారు. దాన్ని తీవ్రంగా ఎదిరించినవాళ్లలో ముందున్నది తెలుగు నాయకుడే: నిడుబ్రోలు రైతు కుటుంబంలో పుట్టిన ఎన్.జి. రంగా. రైతు చేతిలోంచి భూమి జారితే స్వేచ్ఛ జారినట్లేనని ఆయన వాదన. ఆ ఏడాదే రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి తొలి అధ్యక్షుడయ్యారు. నెహ్రూ అంతటివాడు తీర్మానం చేయించినా ఉమ్మడి సాగు దేశంలో నిలబడలేదు. భూమి మీద పేరు పోతుందన్న భయాన్ని ఏ ఉపన్యాసమూ పోగొట్టలేదు.

నలభై ఏళ్ల తర్వాత ఇజ్రాయెల్ పేరు చిత్తూరు జిల్లా కుప్పంలో వినిపించింది. చంద్రబాబు నాయుడి సొంత నియోజకవర్గంలో 1990ల రెండో సగంలో ఇజ్రాయెల్ పద్ధతి సాగు ప్రదర్శన క్షేత్రం మొదలైంది. చిన్న రైతుల పొలాలను కలిపి, గట్లు తీసేసి, డ్రిప్పు వేసి ఎగుమతి రకం కూరగాయలు పండించారు. దిగుబడులు వచ్చాయి. అయితే విత్తనం, మందు, అమ్మకం ఏదీ రైతు నిర్ణయం కాదని, సొంత పొలంలోనే అతను కూలీ అయ్యాడని విమర్శలొచ్చాయి. 2004లో ప్రభుత్వం మారాక ఆ ప్రయోగం వెనకపడింది. చిత్రమేమిటంటే, పైకి చూస్తే అది కిబ్బుట్జ్‌లాగే ఉంది: కలిసిన పొలం, ఎడారి సాంకేతికత. లేనిదల్లా చేతులెత్తి ఓటేసే సమావేశం.

డ్రిప్పు మాత్రం నిలిచింది. 2003 చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మ సాగునీటి పథకం పెట్టి రాయితీ మీద గొట్టాలిచ్చింది. రాయలసీమ తోటల ముఖం మారింది. కిబ్బుట్జ్‌లో పుట్టిన వస్తువు వచ్చింది, దాన్ని పుట్టించిన ఏర్పాటు రాలేదు. ఎవరి బోరు వాళ్లదే, ఎవరి గొట్టం వాళ్లదే. ఒక బోరులో నీళ్లు అడుగంటితే పక్కవాడు ఇంకో వంద అడుగులు లోతుకు వేస్తాడు.

ముల్కనూరు దారి

కిబ్బుట్జ్‌కు దగ్గరగా, కానీ దానంతట అది పెరిగిన తెలుగు ఉదాహరణ కావాలంటే ముల్కనూరుకు వెళ్లాలి. హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలోని ఈ ఊళ్లో 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి చొరవతో 14 గ్రామాల రైతులు, 373 మంది సభ్యులతో సహకార పరపతి, మార్కెటింగ్ సంఘం పెట్టారు. అప్పుడది కరీంనగర్ జిల్లా.

ఇక్కడ భూమి ఎవరిది వాళ్లదే. ఎవరి చేను వాళ్లు దున్నుకుంటారు. కలిపింది మిగతాదంతా: అప్పు, ఎరువు, విత్తనం, ధాన్యం కొనుగోలు, మిల్లు, అమ్మకం. రైతు సంఘం దగ్గర అప్పు తీసుకుంటాడు, పండిన ధాన్యం సంఘానికే పోస్తాడు, బాకీ అక్కడే చెల్లవుతుంది. షావుకారు మధ్యలో లేడు. పైసా పైసా పొదుపు తప్పనిసరి. ధాన్యాన్ని బియ్యంగా, విత్తనంగా మార్చి అమ్మితే వచ్చే మిగులు తిరిగి సభ్యుడికే. సభ్యుల సంఖ్య ఇప్పుడు వేలల్లో ఉంది. 2000లో అక్కడి మహిళలు స్వకృషి పేరుతో సొంత పాల డెయిరీ పెట్టుకున్నారు. పాలు పోసేది ఆడవాళ్లే, పాలకవర్గమూ వాళ్లే.

ఇజ్రాయెల్‌లో దీనికి సరిగ్గా సరిపోయే పేరు కిబ్బుట్జ్ కాదు, మొషావ్. 1921లో నహలాల్‌తో మొదలైన ఆ ఊళ్లలో ఎవరి పొలం వాళ్లది, కొనుగోళ్లు, అమ్మకాలు ఉమ్మడి. 1950లలో కొచ్చిన్ నుంచి వెళ్లిన యూదులు ఎక్కువగా స్థిరపడింది కూడా మొషావ్‌లలోనే. రంగా భయపడింది కిబ్బుట్జ్ తరహాకు. ముల్కనూరు దాన్ని ముట్టుకోకుండానే దళారీని తప్పించింది.

ముల్కనూరులాంటివి ఊరికొకటి ఎందుకు లేవన్న ప్రశ్నకు సమాధానం చాలావరకు ప్రభుత్వ కార్యాలయాల్లో ఉంది. సహకార సంఘాల్లో ప్రభుత్వం వాటాధనం పెట్టింది, అధికారిని కూర్చోబెట్టింది, ఎన్నికలు వాయిదా వేసింది. అప్పులు మాఫీ చేస్తామని ప్రకటించి, తీర్చేవాణ్ని వెర్రివాణ్ని చేసింది. ఆ పట్టు నుంచి బయటపడే దారిగా 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చింది. ప్రభుత్వ డబ్బు తీసుకోని సంఘం తన పాలన తానే చూసుకోవచ్చన్నది దాని సారాంశం. దేశంలో అలాంటి చట్టం అదే మొదటిది.

తిరిగి ధర్సీవా

ధర్సీవా ఊళ్లలోనూ సహకార సమితులున్నాయి. ఖరీఫ్ కోతలయ్యాక వాటి ముందు ట్రాక్టర్లు, గోనె సంచులు, టోకెన్ల కోసం జనం. 2023-24 నుంచి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఎకరానికి 21 క్వింటాళ్ల దాకా, క్వింటాలుకు 3,100 రూపాయల లెక్కన వడ్లు కొంటోంది. దేశంలో వరి రైతుకు దక్కే మంచి ధరల్లో ఇదొకటి. కానీ సమితి ఇక్కడ సర్కారు తూకపు బల్ల. వడ్లు అక్కడ తూగుతాయి, లారీ ఎక్కుతాయి, మిల్లు ఎవరిదో. తవుడు, నూక, బియ్యం మీద వచ్చే మిగులు ఊరికి తిరిగి రాదు. ధరను నిర్ణయించేది రాజధానిలో, అది మారేది ఎన్నికలప్పుడు.

ఈ రాష్ట్రంలో శ్రామికులు సొంతంగా నిలబెట్టుకున్నది ఏదీ లేదనడం తప్పవుతుంది. దల్లీ రాజ్‌హరా ఇనుప గనుల కాంట్రాక్టు కార్మికులు శంకర్ గుహా నియోగి నాయకత్వంలో తమ చందాలతో, తమ శ్రమతో కట్టుకున్న షహీద్ ఆసుపత్రి 1983 నుంచి నడుస్తోంది. నియోగిని 1991 సెప్టెంబర్‌లో భిలాయ్‌లో నిద్రలో ఉండగా కాల్చి చంపారు. ఆసుపత్రి ఆగలేదు.

సిల్తరాలో మాత్రం ఆ అవకాశం మొదటి సంతకం దగ్గరే చేజారింది. భూమి వెళ్లినప్పుడు ఒక్కొక్కరు ఒక్కో పట్టాదారుగా వెళ్లారు, ఊరుగా వెళ్లలేదు. పరిహారం తలా ఒక చెక్కు రూపంలో వచ్చింది. మొత్తం ఊరి పేరు మీద ఒక ఖాతా, ఫ్యాక్టరీలో ఒక చిన్న వాటా, ఏటా ఎంతోకొంత రాబడి అన్న షరతు పెట్టడానికి చట్టంలో వీలు దాదాపు లేదు. 2013 భూసేకరణ చట్టం పరిహారాన్ని పెంచింది, పునరావాసాన్ని చేర్చింది. నష్టపోయేవారికి ఉద్యోగమో, అందుకు బదులు ఏకమొత్తంగా అయిదు లక్షల రూపాయలో, ఇరవై ఏళ్ల పాటు నెలవారీ చెల్లింపో ఎంచుకునే వీలిచ్చింది. ఇచ్చేది మళ్లీ కుటుంబానికే. ఊరు అనే యజమాని ఆ చట్టంలో ఎక్కడా కనిపించదు.

రాయ్‌పూర్ చుట్టూ పారిశ్రామిక వాడలు ఇంకా విస్తరిస్తూనే ఉన్నాయి. ధర్సీవా చుట్టుపక్కల వరి మళ్ల మధ్య కొత్త ప్రహరీ గోడలు లేస్తున్నాయి. గోడకు ఇవతల ఇంకా అమ్మని మడి ఒకటి ఉంటుంది. ఈసారి అమ్మేముందు ఆ ఊరి రైతులు విడివిడిగా వెళ్తారా, కలిసి వెళ్తారా అన్నది తహసీల్ కార్యాలయంలో కాదు, ఊరి చావడిలోనే తేలాలి.